స్లాబు పని బండ్లకు బరువు లెక్క: పికప్‌కు నాలుగు తూకాలు, తొట్టికి రెండు గీతలు

విజయనగరం చుట్టుపక్కల స్లాబు పనులకు తిరిగే బండ్లు ఎక్కువగా రెండు రకాలు. సిమెంటు, ఇనుము, సెంట్రింగ్ సామాను మోసే పికప్ ఒకటి. ఇసుక, చిప్స్ (చిన్న కంకర) తెచ్చే ట్రాక్టర్, దాని తొట్టి రెండోది. నెల్లిమర్ల వెళ్లినా, చీపురుపల్లి, రాజాం వెళ్లినా ఈ రెండూ రోడ్డెక్కాల్సిందే. రెండింటినీ చట్టం చెప్పిన బరువులోకి తేవడానికి మేం చేసిన పని మొత్తం ఇక్కడ రాస్తున్నాం. కాయితాలతో మొదలుపెట్టి కాటా దగ్గరకు వెళ్లాం, తిరిగొచ్చి తొట్టి లోపల రంగు గీతలు గీశాం. మధ్యలో తప్పిన లెక్కలు చాలానే ఉన్నాయి. వాటినే ఎక్కువ వివరంగా చెబుతాం.

ముందు ఆర్‌సీ తీసి చూడాలి. అందులో ఖాళీ బరువు ఒకటి, మొత్తం బరువు ఒకటి ఉంటాయి. రవాణా బండి అయితే ఒక్కో యాక్సిల్‌కు (ఇరుసుకు) ఎంత బరువు, ఎలాంటి టైర్లు అన్నది కూడా నమోదై ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ ప్రకారం మొత్తం బరువు ఆర్‌సీలో రాసినదాన్ని దాటకూడదు. కంపెనీ కాయితం మీద 'ఇంత మోస్తుంది' అని వేసిన అంకెతో చట్టానికి పని లేదు. షోరూములో చెప్పిన మాటతో అసలే పని లేదు.

మా పికప్ ఆర్‌సీలో ఖాళీ బరువు 1,640 కిలోలు, మొత్తం బరువు 2,890. తీసేస్తే 1,250 వస్తుంది. బస్తా 50 కిలోలు, అంటే పాతిక బస్తాల సిమెంటు వేయొచ్చన్నమాట. చాలామంది మేస్త్రులు ఇదే లెక్కతో బండి నింపుతారు. మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. చట్టంలో ఖాళీ బరువు అంటే బండి, దాని మామూలు సామాను మాత్రమే. డ్రైవరు, కళాసీల బరువు అందులో లేదు. కొన్న తర్వాత మనం వెల్డింగ్ చేయించిన ఇనుప ర్యాక్, పక్క గ్రిల్, పనిముట్ల పెట్టె, తాళ్లు, టార్పాలిన్ వంటివేవీ రిజిస్ట్రేషన్ నాటికి బండి మీద లేవు. అవన్నీ బండిలో ఉండగానే డీజిల్ నింపి, డ్రైవర్ని కూర్చోబెట్టి తూచితే 1,850 వచ్చింది. మిగిలింది 1,040. ఇద్దరు కళాసీలు ఎక్కితే ఇంకో 130 పోతుంది. మిగిలిన 910లో సిమెంటు 18 బస్తాలు పడుతుంది. పాతిక అనుకున్నది పద్దెనిమిదికి దిగిపోయింది.

కాటా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. లారీలు తూచే వేబ్రిడ్జి చాలావాటిలో అంకె పదేసి కిలోల చొప్పున మారుతుంది. కాబట్టి అయిదు కిలోల దగ్గర గొడవ పడి లాభం లేదు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో, ముద్ర వేసి పన్నెండు నెలలు దాటిందో లేదో చూడండి. వేబ్రిడ్జికి ఏడాదికోసారి మళ్లీ పరీక్ష జరగాలి. బండి ఎక్కేముందు ఖాళీ కాటా మీద సున్నా చూపిస్తోందో లేదో మీ కళ్లతో చూడండి. వాన పడ్డాక ప్లాట్‌ఫారం మీద బురద, కంకర పేరుకుంటే సున్నా కదిలిపోతుంది.

తూకాలు నాలుగు. ఖాళీ బండి మొత్తం ఎక్కించి ఒకటి, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి రెండోది. లోడుతో మళ్లీ ఈ రెండూ. మొత్తంలోంచి ముందు చక్రాల బరువు తీసేస్తే వెనక చక్రాల బరువు తెలుస్తుంది. "ఏటి బావా, ఒక్క బండికి నాలుగు చీటీలా?" అని కాటా దగ్గర కుర్రాడు అడిగాడు. అవును, నాలుగూ కావాలి. వీలైతే వెనక చక్రాలు విడిగా ఎక్కించి అయిదోది కూడా తీసుకోండి. ముందు, వెనక కలిపితే మొత్తానికి ఇరవై కిలోల తేడాలో రావాలి. అంతకంటే తేడా వస్తే రెండు కారణాలు ఉంటాయి. హ్యాండ్ బ్రేకు వేసి ఉండడం ఒకటి, కాటా ముందు నేల ప్లాట్‌ఫారంతో సమంగా లేకపోవడం ఇంకొకటి. బ్రేకు పట్టి ఉంటే కమాను పట్టీలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బిగుసుకుని బరువు సరిగా దిగదు. న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు వదిలి, ఇంజను ఆపి, ఊగడం తగ్గాక అంకె చదవాలి. బండి కదలకుండా చక్రం కింద చెక్క దిమ్మ పెట్టండి.

మాకు వచ్చిన అంకెలివి. ఖాళీ బండి ముందు 990, వెనక 860. యాక్సిల్ పరిమితులు ముందు 1,200, వెనక 1,900. వెనక టైరు పక్కన 106/104 అని ఉంది. మొదటి అంకె ఒక పక్కకు ఒకే టైరు ఉన్న బండికి, రెండోది జంట టైర్లకు. 106 అంటే ఒక టైరు 950 కిలోలు మోయగలదని అర్థం. రెండు టైర్లకు 1,900. అంటే యాక్సిల్ పరిమితి, టైరు పరిమితి ఒక్కచోటే ఉన్నాయి, కిలో కూడా వెసులుబాటు లేదు. టైరు మార్చేటప్పుడు దుకాణంలో తక్కువ ధరకు 102 అంకె ఉన్న టైరు చూపిస్తే వద్దనండి. అది 850 కిలోలకే, రెండింటికీ 1,700. ఆర్‌సీలో 1,900 ఉన్నా టైరు మాత్రం 1,700 దగ్గరే ఆగిపోతుంది.

ఇక 18 బస్తాలు. మా బండి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 3 మీటర్లు. బస్తాలను క్యాబిన్ గోడకు ఆనించి పేర్చినప్పుడు బరువు నడిమి చోటు వెనక యాక్సిల్‌కు ముప్ఫై సెంటీమీటర్లు ముందు పడింది. ముందు 1,150, వెనక 1,730 వచ్చాయి. రెండూ పరిమితిలోనే ఉన్నాయి. అవే బస్తాలను దించడానికి సులువని డాలా (వెనక తెరుచుకునే పలక) వైపు పేర్చి చూశాం. బరువు నడిమి చోటు వెనక యాక్సిల్ దాటి అరవై సెంటీమీటర్లు వెనక్కి పోయింది. మొత్తం అదే 2,880, ఆర్‌సీకి లోపలే. కానీ వెనక చక్రాల మీద 2,000 పడింది, పరిమితికి వంద ఎక్కువ. ముందు చక్రాల మీద 880 మాత్రమే మిగిలింది. ఖాళీ బండికి ఉన్న 990 కంటే కూడా తక్కువ. స్టీరింగు తేలికైపోయి బండి నడిపేవాడికి 'బాగా తిరుగుతోంది' అనిపిస్తుంది. తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది, ముందు చక్రాలకు పట్టు లేదని. మొత్తం బరువు చీటీ ఒక్కటి చూసుకుంటే ఈ తప్పు బయటపడదు. ఈ రాత మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటామంటే దీన్ని ఉంచుకోండి.

'కమాను పట్టీ ఒకటి ఎక్కువ వేయించాం, ఇంకో అయిదు బస్తాలు వేయొచ్చు' అనే మాట ప్రతి యార్డులోనూ వినిపిస్తుంది. పట్టీ వేస్తే బండి కిందికి కుంగడం తగ్గుతుంది, అంతే. ఆర్‌సీ అంకె మారదు, బ్రేకు పెద్దదవదు, టైరు బలపడదు. పైగా పట్టీ బరువు కూడా ఖాళీ బరువులో చేరుతుంది. ఎక్కువ లోడు కంటికి కనపడకుండా చేయడం వల్ల నష్టమే ఎక్కువ.

ఇంకో మాట, '2018లో కేంద్రం బరువులు పెంచింది కదా' అని. 2018 జులైలో పెంచినది నిజమే. నాలుగు టైర్ల యాక్సిల్‌కు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులు చేశారు. అది పెద్ద లారీల యాక్సిల్ గరిష్ఠ పరిమితి. మన పికప్ ఆర్‌సీలో 2,890 ఉంటే అది 2,890గానే ఉంటుంది.

ఇనుము తూచకుండానే లెక్క కట్టొచ్చు. కమ్మీ మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 12 మిల్లీమీటర్ల కమ్మీ మీటరుకు 0.89, పన్నెండు మీటర్ల పొడవు కమ్మీ 10.7 కిలోలు. 8 మిల్లీమీటర్లది 4.7, 16ది 19. అంటే 12 మిల్లీమీటర్ల కమ్మీలు 85 వేస్తే 910 నిండిపోతుంది. బరువు సరిపోయినా పొడవు దగ్గర చిక్కు. బాడీ పక్కలకు గానీ, ముందుకు గానీ, వెనక్కి గానీ హద్దు దాటి పొడుచుకొచ్చిన లోడుకు విడిగా 20,000 రూపాయల జరిమానా ఉంది. మడిచి కట్టినా తోక రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోయేలా ఉంటే లాభం లేదు. కమ్మీలను పొడవాటి బాడీ ఉన్న బండిలో దుకాణం వాళ్ల చేతే పంపించమనడం ఉత్తమం. నీళ్ల సంగతి ఇంకా తేలిక, లీటరుకు కిలో. వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు నింపి పికప్‌లో పెడితే ఇద్దరు కళాసీలతో కలిపి బండి పరిమితి దాటినట్టే. సగం నింపితే బరువు తగ్గుతుంది గానీ మలుపులో నీళ్లన్నీ ఒకే పక్కకు కొట్టుకుంటాయి. నింపితే నిండుగా నింపాలి, లేకపోతే చిన్న ట్యాంకు పెట్టాలి.

ఇప్పుడు తొట్టి. మన వైపు కొందరు దీన్ని ట్రక్కు అంటారు. ట్రాక్టర్‌కు ఒక ఆర్‌సీ, తొట్టికి ఇంకో ఆర్‌సీ. నంబరు కూడా తొట్టికి విడిగా ఉంటుంది. ఇన్సూరెన్సు పాలసీలో తొట్టి నంబరు కూడా చేరిందో లేదో చూసుకోండి. చేరకపోతే తొట్టి వల్ల జరిగిన ప్రమాదానికి పరిహారం దగ్గర పేచీ వస్తుంది. వ్యవసాయం పేరు మీద రిజిస్టరైన ట్రాక్టర్, తొట్టితో కిరాయికి ఇసుక తోలితే అది కూడా పెద్ద పేచీయే. కిరాయి పనికి రవాణా బండిగా నమోదు, ఫిట్‌నెస్, పన్ను అన్నీ ఉండాలి. పికప్ విషయంలో కొంచెం వెసులుబాటు ఉంది. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అవసరం లేదని 66వ సెక్షన్ చెబుతుంది. ఫిట్‌నెస్ మాత్రం తప్పదు. డ్రైవరు లైసెన్సు మీద ఉన్న అనుమానాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తీర్చింది. 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపొచ్చు.

మా తొట్టి ఆర్‌సీలో ఖాళీ 1,350, మొత్తం 5,350. పక్క పలకలు ఎత్తు పెంచి ఉండడంతో కాటా మీద ఖాళీ తొట్టే 1,450 తూగింది. కాబట్టి సరుకు 3,900 కిలోలు. ఇసుక మనవాళ్లు యూనిట్లలో కొంటారు. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు, 2.83 ఘనమీటర్లు. నాగావళి, వంశధార ఏట్లోంచి తీసిన తడి ఇసుక ఘనమీటరుకు సుమారు 1.8 టన్నులు తూగుతుంది. యూనిట్‌కు 5,090 కిలోలు! ఒక్క యూనిట్ తడి ఇసుకతో మా తొట్టి 1,190 కిలోలు ఎక్కువ మోస్తుంది. ఎండిన ఇసుకైనా 1.6 చొప్పున నాలుగున్నర టన్నులు, అదీ ఎక్కువే. యూనిట్ లెక్కన అడిగి, యూనిట్ లెక్కన లోడు చేయించుకోవడమే అలవాటు కాబట్టి తప్పు ప్రతి ట్రిప్పులోనూ జరుగుతుంది.

తొట్టిలోపల గీతలు గీయడం ఇందుకే. మా తొట్టి లోపలి కొలత తొమ్మిది అడుగులు, ఆరు అడుగులు. నేల యాభైనాలుగు చదరపు అడుగులు. 3,900 కిలోలను 1.8తో భాగిస్తే 2.17 ఘనమీటర్లు, అంటే 76 ఘనపుటడుగుల పైచిలుకు. దాన్ని 54తో భాగిస్తే అడుగు అయిదు అంగుళాలు. నేల నుంచి 17 అంగుళాల ఎత్తున నాలుగు పక్కలా తెల్ల ఎనామిల్ గీత వేశాం. యూనిట్ నిండాలంటే 22 అంగుళాలు రావాలి. ఆ అయిదంగుళాల్లోనే టన్ను పైన బరువు ఉంది. 20 ఎంఎం చిప్స్ ఘనమీటరుకు సుమారు ఒకటిన్నర టన్ను కాబట్టి వాటికి 20 అంగుళాల దగ్గర ఎర్ర గీత. గీత వేసేముందు వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, రెడాక్సైడ్ పూసి ఆరాక రంగు వేయాలి. లేకపోతే ఇసుక రాపిడికి నెల తిరక్కుండానే చెరిగిపోతుంది. రేవులో జేసీబీ తొట్టి మధ్యలో గుట్టగా పోస్తుంది. పారతో చదును చేశాకే గీతతో పోల్చాలి. గుట్ట చుట్టూ గీత కనిపిస్తోంది కదా అని సరిపెట్టుకుంటే మోసపోతాం.

రెండు చక్రాల తొట్టిలో ఇంకో బరువుంది, అది ఎవరికీ కనిపించదు. తొట్టి ముక్కు ట్రాక్టర్ హుక్కు మీద వేసే భారం. దాన్ని కనుక్కోవడం కాటా మీద తేలికే. ట్రాక్టర్ ఒక్కదాన్నే తూస్తే డ్రైవరుతో 2,050. లోడైన తొట్టి తగిలించే ఉంచి, ట్రాక్టర్ చక్రాలు నాలుగూ మాత్రమే కాటా మీద ఉండేలా నిలిపితే 2,600. తేడా 550, అదే ముక్కు బరువు. తొట్టి చక్రాలు విడిగా 4,800. రెండూ కలిపితే తొట్టి మొత్తం 5,350, సరిగ్గా ఆర్‌సీ అంకె. చాలామంది తొట్టి చక్రాల కింది 4,800 ఒక్కటే చూసి 'ఇంకా 550 ఖాళీ ఉంది' అనుకుంటారు. ఆ 550 ట్రాక్టర్ వీపు మీద ఉంది, ఎక్కడికీ పోలేదు.

ముక్కు బరువు పెరిగితే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోతాయి. మా ట్రాక్టర్‌కు ఖాళీగా ముందు 790 ఉంటే లోడుతో 620 అయింది. ఇసుకంతా ముందు పలక వైపు పోయిస్తే 510కి దిగింది. మిట్ట ఎక్కేటప్పుడు అది ఇంకా తగ్గుతుంది. ట్రాక్టర్ ముందు లేచిపోయి వెనక్కి తిరగబడే ప్రమాదాల వెనక ఉండేది ఇదే లెక్క. వెనక పలక వైపు ఎక్కువ పోస్తే ఇందుకు తలకిందులు. తొట్టి ముక్కు హుక్కును పైకి లాగుతుంది, ట్రాక్టర్ పెద్ద చక్రాల పట్టు పోతుంది, దిగుడులో బ్రేకు వేస్తే తొట్టి అడ్డం తిరుగుతుంది. నాలుగు మూలలా ఒకే ఎత్తున చదును చేస్తే చాలు, ఈ రెండూ రావు.

కాంక్రీటు కలిపే యంత్రం, అదే మిల్లర్ గురించి చెప్పకపోతే ఈ రాత అసంపూర్తి. స్లాబు రోజున ట్రాక్టర్, దాని వెనక తొట్టి, తొట్టి వెనక మిల్లర్ రైలుబండిలా వెళ్లడం మన రోడ్ల మీద మామూలే. అది చట్టానికి విరుద్ధం, ప్రమాదం కూడా. చెడిపోయిన బండిని దగ్గర గ్యారేజీకి లాక్కెళ్లడం వంటివి తప్ప, రోడ్డు మీద లాక్కెళ్లే తొట్టికి రిజిస్ట్రేషన్ ఉండాలి. మిల్లర్‌కు నంబరు ఉండదు, లైటు ఉండదు, బ్రేకు ఉండదు. తెల్లవారకముందే వెళ్లేది కాబట్టి వెనక వచ్చే మోటార్‌సైకిలు వాడికి అది కనిపించను కూడా కనిపించదు. పెద్ద మిల్లర్ కావాల్సిన పనికి దాన్ని లారీ మీదకు ఎక్కించి పంపుతున్నాం. చిన్న స్లాబులకు అర బస్తా మిల్లర్ తొట్టిలోకే ఎక్కించి కట్టేస్తున్నాం. దాని బరువు ఆ 3,900లోనే లెక్క.

పికప్ వెనక హుక్కు వెల్డింగ్ చేయించి జనరేటర్ ట్రాలీ తగిలించడం కూడా ఇలాంటిదే. ట్రాలీకి రిజిస్ట్రేషన్ లేకపోవడం ఒక్కటే కాదు. ముక్కు బరువు 80 కిలోలే అనుకోండి, హుక్కు వెనక యాక్సిల్‌కు 1.2 మీటర్లు వెనక ఉంటే యాక్సిల్ మీద పడేది 112. ముందు చక్రాల నుంచి 32 పైకి లేస్తుంది. పైగా ఆ 80 కిలోలు బండి మొత్తం బరువులో చేరి, మా లెక్కలో రెండు బస్తాల సిమెంటు తగ్గుతుంది. వెల్డింగ్ వేడికి ఛాసిస్ ఇనుము బలం కూడా తగ్గుతుంది. జనరేటర్‌ను బండిలోకే ఎక్కించండి, లేదా విడిగా పంపండి.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపినప్పుడు ఏం జరుగుతుందో తెలిసి ఉంటే కంగారు ఉండదు. బండి వెళ్తున్న దారిలో పది కిలోమీటర్ల లోపు గానీ, చేరాల్సిన చోటికి ఇరవై కిలోమీటర్ల లోపు గానీ ఉన్న కాటాకు తీసుకెళ్లమని అడిగే అధికారం 114వ సెక్షన్ ఇస్తుంది. తూచడానికి ఒప్పుకోకపోతే, తప్పించుకుపోతే 40,000 రూపాయల జరిమానా. ఎక్కువ బరువు తేలితే 20,000, దానిపైన ఎక్కువైన టన్నుకు 2,000 చొప్పున. రెండు టన్నులు ఎక్కువైతే 24,000. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలనివ్వరు. దించే కూలీ, దించిన సరుకు పూచీ మనవే. నడిపినవాడితో ఆగదు, నడపమని పంపినవాడికీ వర్తిస్తుంది. ఇసుక రోడ్డు పక్కన దించాల్సి వస్తే ఇంకో ట్రాక్టర్ కిరాయి, ఆ రోజు మేస్త్రి, కూలీల జీతం, సగంలో ఆగిన స్లాబు కూడా జరిమానాలో కలుపుకోవాలి.

చీటీలు దాచండి. ప్రతి చీటీ మీద బండి నంబరు, తేదీ, టైము ఉంటాయి. వెనకవైపు పెన్నుతో 'ముందు చక్రాలు', 'తొట్టి తగిలించి' అని రాసుకోకపోతే వారం తిరిగేసరికి ఏ అంకె దేనిదో తెలియదు. ఫోటో తీసి డ్రైవరు ఫోన్లో కూడా ఉంచాం. కొత్త ర్యాక్ పెట్టినా, పలకలు మార్చినా, వేరే సైజు టైర్లు వేసినా ఖాళీ తూకం మళ్లీ తీయాలి, గీత మళ్లీ వేయాలి. మా తొట్టికి మొన్న వెనక పలక మారింది, పాతదానికంటే మందం. కాటా మీద 1,480 వచ్చింది. ముప్ఫై కిలోలంటే తడి ఇసుకలో అంగుళం కూడా కాదు, గీత అలాగే ఉంచాం. అంకె మాత్రం తలుపు లోపల చాక్‌పీసుతో రాసి పెట్టాం.